"కౌంట్ ఆన్": నమ్ముకోవడాన్ని ఇంగ్లీషులో చెప్పడం ఎలా

విశాఖ మద్దిలపాలెంలో మా మేడ మీద సాయంత్రం పూట డిగ్రీ చదివే పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. వారిలో ఒక కుర్రాడు ఋషికొండ వైపున్న ఒక కార్యాలయంలో ఇంటర్వ్యూకు వెళ్ళి వచ్చి, అన్ని ప్రశ్నలకూ బాగానే చెప్పాననీ, చివరి ప్రశ్న దగ్గర మాత్రం ఎదురుగా ఉన్నవారి ముఖాలు మారిపోయాయనీ దిగులుగా చెప్పాడు. వారు అడిగింది "కెన్ వి కౌంట్ ఆన్ యు?" అని. కౌంట్ అంటే లెక్కపెట్టడమే కదా అనుకుని అతడు "యస్ సర్, ఐ యామ్ గుడ్ ఇన్ మ్యాథ్స్" అని జవాబిచ్చాడు. "నిన్ను నమ్ముకోవచ్చునా?" అని అడుగుతున్నారన్న సంగతి అతనికి తట్టలేదు. ఆ పిల్లవాడి తెలివిలో లోటేమీ లేదు. తెలిసిన రెండు చిన్న మాటలు పక్కపక్కన చేరితే తెలియని మూడో అర్థం పుడుతుందని అంతవరకు అతనికి ఎవరూ విడమరచి చెప్పలేదు. ఆ లోటు మరొకరికి కలగకూడదన్న ఉద్దేశంతోనే ఈ ఒక్క మాటను తీసుకుని, దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో వరుసగా చెబుతున్నాను.

క్రియ పక్కన "ఆన్", "అప్", "ఔట్" వంటి చిన్న మాట చేరి అర్థం మారిపోయే జంటలను ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బులు అంటారు. ఇది మనకు కొత్త సంగతి కాదు. "తలపెట్టడం" అంటే తలను ఎక్కడో పెట్టడం కాదని, "చేతులెత్తేయడం" అంటే చేతులు పైకి లేపడమే కాదని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. "కౌంట్ ఆన్"ను కూడా అలాగే, విడదీయకుండా ఒకే మాటగా మనసులో పెట్టుకోవాలి.

మొదటి మెట్టు: తెలుగులో సరైన జోడీని వెతుక్కోండి

చాలామంది "కౌంట్ ఆన్"కు "ఆధారపడు" అని రాసుకుంటారు. అది పూర్తిగా తప్పు కాదు గాని, అక్కడ ఆగిపోతే ముందుకు వెళ్ళేకొద్దీ చిక్కులు వస్తాయి. దీనికి అంతకన్నా దగ్గరి మాట మన దగ్గరే ఉంది, అది "నమ్ముకొను". "నమ్ము"కూ "నమ్ముకొను"కూ మధ్య ఉన్న దూరాన్ని ఒకసారి నిదానంగా గమనించండి. "మావయ్య మాట నమ్మాను" అంటే ఆయన చెప్పింది నిజమని ఒప్పుకున్నాను, అంతే. "మావయ్యను నమ్ముకున్నాను" అంటే నా పని జరగడం ఆయన మీద పెట్టాను, ఆయన రాకపోతే నా పని చెడుతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర నిలబడి ఎవరిని పలకరించినా "సముద్రాన్ని నమ్ముకుని బతుకుతున్నాం" అనే మాట వినబడుతుంది, ఆ వాక్యం బలమంతా "కొను"లోనే ఉంది. తెలుగులో "కొను" చేసే పనిని ఇక్కడ ఇంగ్లీషులో "ఆన్" చేస్తోందని గుర్తుంచుకుంటే సగం పని పూర్తయినట్టే.

మిగిలిన సగం "కౌంట్"లో ఉంది. ఇది లాటిన్‌లో లెక్కించడం అనే అర్థమున్న "కంప్యుటారె" నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన మాట, "కంప్యూటర్" కూడా ఆ మూలానికి చెందినదే. 17వ శతాబ్దం నుంచి ఇది "ఆన్"తో కలిసి నమ్ముకోవడమనే అర్థంలో వాడుకలో ఉంది. లెక్కకూ నమ్మకానికీ సంబంధం ఏమిటని అడిగేవారు పెళ్ళి పనులు తలచుకోవాలి. హాలు పని బాబాయ్ చూసుకుంటాడు, పువ్వుల సంగతి పిన్ని చూసుకుంటుంది అని ముందే లెక్క వేసుకుని, ఆ రెండు పనులకూ వేరే మనుషుల్ని పెట్టుకోకుండా మిగతా పనుల్లో పడతాం కదా. అలా ఒక మనిషిని మన లెక్కలో కలిపేసుకుని నిశ్చింతగా ఉండటమే "కౌంట్ ఆన్".

కాబట్టి వాడబోయే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: ఈ మనిషి రాకపోతే, లేదా ఈ పని జరగకపోతే, నేను వేసుకున్న లెక్క తప్పుతుందా? తప్పుతుంది అనిపిస్తే "కౌంట్ ఆన్" సరిపోతుంది. తప్పదు, ఊరికే మంచి అభిప్రాయం మాత్రమే అయితే "ట్రస్ట్" అనో "బిలీవ్" అనో చెప్పి ఊరుకోవాలి.

రెండవ మెట్టు: వాక్యం కట్టే తీరు

"ఆన్" తరువాత నేరుగా మనిషిని గాని వస్తువును గాని పెట్టడం అన్నిటికన్నా తేలిక. "యు కెన్ కౌంట్ ఆన్ మై సిస్టర్", అంటే మా అక్కను మీరు నమ్ముకోవచ్చు. దేనికోసం నమ్ముకోవాలో చెప్పదలచుకుంటే "ఫర్" చేర్చండి: "యు కెన్ కౌంట్ ఆన్ హర్ ఫర్ గుడ్ అడ్వైస్." ఆ మనిషి చేయవలసిన పనిని చెప్పదలచుకుంటే "టు" చేర్చండి: "వి ఆర్ కౌంటింగ్ ఆన్ మై అంకుల్ టు బుక్ ద హాల్." జరగవలసిన సంగతి మీకే సంబంధించినదైతే క్రియకు "ఇంగ్" తగిలించాలి. అరకు వెళ్ళే పొద్దుటి రైలులో చోటు దొరుకుతుందని నమ్ముకుని స్టేషనుకు వెళ్ళి దొరకక తిరిగి వచ్చినవారు "ఐ వాజ్ కౌంటింగ్ ఆన్ గెటింగ్ ఎ సీట్" అంటారు.

మన పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. తెలుగులో "వాడు వస్తాడని నమ్ముకున్నాను" అంటాం కాబట్టి, ఆ "అని"ని వెంట తీసుకెళ్ళి "ఐ కౌంటెడ్ ఆన్ దట్ హి విల్ కమ్" అని రాస్తారు. ఇంగ్లీషులో "ఆన్" పక్కన అలా "దట్"తో మొదలయ్యే వాక్యం రాదు. "ఐ వాజ్ కౌంటింగ్ ఆన్ హిమ్ టు కమ్" అనాలి. ఈ వాక్యాన్ని పదిసార్లు చేత్తో రాయమని మా పిల్లలకు చెబుతాను, ఎందుకంటే ఈ తప్పును కన్ను పట్టుకోలేదు, చెయ్యి అలవాటు పడితేనే పోతుంది.

"ఆన్"ను ఎప్పుడూ వదలకూడదు, దాని చోటు మార్చకూడదు. "కౌంట్ మీ ఆన్" అనే వాక్యం లేదు. "ఐ యామ్ కౌంటింగ్ యు" అంటే నిన్ను లెక్కపెడుతున్నాను అని అర్థం, అది గొర్రెల మందను లెక్కపెట్టేవాడు అనవలసిన మాట. "ఎవరిని" అని అడిగే ప్రశ్నలోనూ, మనిషిని వర్ణించేటప్పుడూ "ఆన్" వాక్యం చివరకు చేరుతుంది, అది అక్కడ అనాథలా కనబడినా తీసేయకండి: "హూ కెన్ ఐ కౌంట్ ఆన్?" "షి ఈజ్ ఎ ఫ్రెండ్ ఐ కెన్ కౌంట్ ఆన్." "హి కెన్ బి కౌంటెడ్ ఆన్."

"యు కెన్ కౌంట్ ఆన్ హిమ్" అన్నది ఆ మనిషి స్వభావం గురించి చెప్పే మాట, నేటికీ రేపటికీ వర్తిస్తుంది. "ఐ యామ్ కౌంటింగ్ ఆన్ యు" అన్నది ఈ క్షణంలో, ఈ ఒక్క పని గురించి అనే మాట, అందులో "నువ్వు రాకపోతే నా గతి ఏమిటి" అన్న ఒత్తిడి ఉంటుంది. స్నేహితుడిని పరీక్షకు నోట్సు అడిగేటప్పుడు రెండోది, అతని గురించి మరొకరికి చెప్పేటప్పుడు మొదటిది వాడాలి.

మూడవ మెట్టు: చుట్టుపక్కల మాటల నుంచి వేరుచేయండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడటం మంచిది. "ఆధారపడు" అన్న ఒక్క తెలుగు మాట కింద ఇంగ్లీషులో ఐదారు మాటలు ఉన్నాయి, మనవారు వాటన్నిటి స్థానంలో "డిపెండ్" ఒక్కటే వాడుతుంటారు.

"డిపెండ్" లాటిన్‌లో వేలాడటం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది, గడియారపు లోలకాన్ని పిలిచే "పెండ్యులం" కూడా అక్కడిదే. ఒక దాని నుంచి వేలాడుతున్న వస్తువుకు వేరే దారి లేదు, పైనున్నది తెగితే ఇది పడుతుంది. అందుకే "డిపెండ్ ఆన్"లో నమ్మకం కన్నా గత్యంతరం లేకపోవడం ఎక్కువగా వినబడుతుంది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో ప్రభుత్వం ఇచ్చే భృతి గురించి మాట్లాడుతూ "మెనీ ఫ్యామిలీస్ డిపెండ్ ఆన్ దిస్ మనీ" అంటే, ఆ డబ్బు లేకపోతే ఇల్లు గడవదన్న స్థితిని చెప్పినట్టు. "దే ఆర్ కౌంటింగ్ ఆన్ ద మనీ టు కమ్ ఇన్ మే" అంటే, మే నెలలో అది వస్తుందని లెక్క వేసుకుని అప్పు తీర్చే తేదీ కూడా చెప్పేశారన్న ఎదురుచూపును చెప్పినట్టు. డబ్బు ఒకటే, కుటుంబమూ ఒకటే, మొదటి వాక్యం వారి స్థితిని చెబుతుంది, రెండోది వారి ఆశను చెబుతుంది.

"డిపెండ్"కు మరో పని కూడా ఉంది, అందులో "కౌంట్ ఆన్" అసలు వేలు పెట్టలేదు. రేపు పడవలు బయలుదేరతాయా అని అడిగితే "గాలిని బట్టి ఉంటుంది" అంటాం. ఆ "బట్టి"కి ఇంగ్లీషులో "ఇట్ డిపెండ్స్ ఆన్ ద విండ్" అనాలి. తెలుగులో "బట్టి" వచ్చిన చోటల్లా "డిపెండ్" అనీ, "నమ్ముకుని" వచ్చిన చోట "కౌంట్ ఆన్" అనీ గుర్తు పెట్టుకోండి.

"రిలై ఆన్"కు మూలం గట్టిగా కట్టడం అనే అర్థమున్న లాటిన్ మాట. ఇది "కౌంట్ ఆన్"కు తోబుట్టువు వంటిది, చాలా చోట్ల ఒకదాని బదులు మరొకటి వాడవచ్చు. కాకపోతే "రిలై ఆన్"లో ఎప్పటినుంచో సాగుతున్న అలవాటు ధ్వనిస్తుంది, పుస్తక భాషకూ కార్యాలయ లేఖలకూ అది బాగా నప్పుతుంది. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, తాటిపూడి, రైవాడ వంటి జలాశయాల నుంచి మన నగరానికి తాగునీరు వస్తుందని రాయాలంటే "ద సిటీ రిలైస్ ఆన్ ఇట్స్ రిజర్వాయర్స్" అనడం పద్ధతిగా ఉంటుంది. అక్కడ "కౌంట్ ఆన్" పెడితే నగరం ఏదో మాట తీసుకుని ఎదురుచూస్తున్నట్టు వినబడుతుంది.

"ఫాల్ బ్యాక్ ఆన్" అంటే ముందు నమ్ముకున్నది చేజారినప్పుడు వెనుక ఉన్నదాన్ని ఆనుకోవడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటిన తరువాతి రోజులు చూసినవారికి ఈ మాటను వేరే ఉదాహరణతో చెప్పనక్కరలేదు. కరెంటు లేదు, సెల్‌ఫోను మోగదు, మోటారు తిరగదు కాబట్టి కుళాయికి నీరు ఎక్కదు. మా వీధిలో ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని నూతి మీద మూత తీసి, చేంతాడు వెతికి, వంతులవారీగా నీళ్ళు తోడుకున్నాం. "వి ఫెల్ బ్యాక్ ఆన్ ద ఓల్డ్ వెల్." అంతవరకు మేము "కౌంట్ ఆన్" చేసినది కుళాయిని, తరువాత "ఫాల్ బ్యాక్ ఆన్" చేసినది నూతిని. ఈ రెండు మాటల వరుసను తారుమారు చేయకూడదు.

"బ్యాంక్ ఆన్" దాదాపు "కౌంట్ ఆన్" అర్థమే ఇస్తుంది, మాట్లాడే భాషలో వస్తుంది. "లీన్ ఆన్" అంటే కష్టంలో ఒకరి భుజం మీద వాలడం, దుఃఖంలో ఉన్నవారి గురించి చెప్పేటప్పుడు వాడండి.

నాలుగవ మెట్టు: కాదనేటప్పుడు

"కౌంట్ ఆన్"ను కాదు అనే వాక్యంలో పెట్టినప్పుడు రెండు వేరు అర్థాలు వస్తాయి, వాటిని కలిపేసుకోవద్దు.

మొదటిది హెచ్చరిక. మబ్బు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టు ఎవరైనా చేయబోతుంటే "డోంట్ కౌంట్ ఆన్ ఇట్" అంటారు. ఇది కాస్త కటువుగా ఉంటుంది, తోటివారితో అనవచ్చు. పెద్దవారితోనో పరిచయం తక్కువ ఉన్నవారితోనో అయితే "ఐ వుడ్‌నాట్ కౌంట్ ఆన్ ఇట్" అనండి. "నేనైతే దాన్ని నమ్ముకోను" అన్నట్టు, మాట మీ మీదే వేసుకోవడం వల్ల ఎదుటివారికి నొప్పి తగలదు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదబోయే స్నేహితుడిని ఆపడానికి ఇంతకన్నా మర్యాదైన వాక్యం ఇంగ్లీషులో నాకు కనబడలేదు.

రెండవది ఊహించకపోవడం. "ఐ హ్యాడ్‌నాట్ కౌంటెడ్ ఆన్ ద ట్రాఫిక్" అన్న వాక్యాన్ని "నేను ట్రాఫిక్‌ను నమ్ముకోలేదు" అని తెలుగు చేస్తే అర్థం పాడవుతుంది. గాజువాక నుంచి బయలుదేరి ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఇరుక్కుపోయి ఆలస్యంగా వచ్చినవారు అనే మాట అది: అంత ట్రాఫిక్ ఉంటుందని లెక్కలో వేసుకోలేదు. ఇక్కడ "నమ్మకం" పక్కకు తప్పుకుని "లెక్క" ముందుకు వస్తుంది. మంచికే కాక చెడుకు కూడా వాడవలసినది ఈ అర్థంలోనే, ఇక్కడ "రిలై"ని గాని "డిపెండ్"ను గాని పెట్టడానికి వీల్లేదు.

ఐదవ మెట్టు: తెలుగు వల్ల జరిగే తప్పులను దిద్దుకోండి

"నీ మీద నమ్మకం ఉంది" అంటాం కాబట్టి "మీద"కు "ఆన్" వేసి "ఐ ట్రస్ట్ ఆన్ యు" అనేస్తాం. "ట్రస్ట్" క్రియకు ఇక్కడ "ఆన్" అక్కర్లేదు, "ఐ ట్రస్ట్ యు" చాలు. "ఐ హ్యావ్ ఫెయిత్ ఆన్ యు" కాదు, "ఫెయిత్ ఇన్ యు" అనాలి. "ఆన్" కావలసినవి "కౌంట్", "రిలై", "డిపెండ్". అలాగే "డిపెండ్" నుంచి వచ్చే విశేషణం "డిపెండెంట్". "ఐ యామ్ డిపెండెడ్ ఆన్ మై ఫాదర్" అని దరఖాస్తుల్లో తరచుగా చూస్తుంటాను, "డిపెండెంట్ ఆన్" అని దిద్దుకోవాలి.

నమ్ముకోదగిన మనిషిని "రిలయబుల్" అనో "డిపెండబుల్" అనో అంటారు. ఆ వరుసలో "కౌంటబుల్" అనకండి, దానికి లెక్కించదగినది అన్న అర్థమే ఉంది. "కౌంట్ మీ ఇన్" అన్నది కూడా వేరే మాట, "నన్నూ కలుపుకోండి" అని అర్థం. ఆదివారం కైలాసగిరికి వెళ్దామా అంటే "కౌంట్ మీ ఇన్" అనాలి, సామాను మోసే బాధ్యత నాది అని చెప్పాలంటే "కౌంట్ ఆన్ మీ" అనాలి.

ఆరవ మెట్టు: పలికే తీరు

"కౌంట్" అని ఆగి "ఆన్" అని మళ్ళీ మొదలుపెట్టకండి. "ట్" వెళ్ళి "ఆ"తో కలుస్తుంది, మన అచ్చుల సంధి లాగా "కౌంటాన్" అని ఒకే ఊపులో రావాలి. బరువు "కౌం" మీద పడాలి, "ఆన్" తేలికగా దొర్లిపోవాలి. అమెరికావారు కొందరు "కౌనాన్" అన్నట్టుగా పలుకుతారు, ఫోనులో వారితో మాట్లాడవలసిన ఉద్యోగాల్లో ఉన్నవారు అలా విని గుర్తుపట్టగలిగితే చాలు, అనుకరించనక్కరలేదు.

ఏడవ మెట్టు: ఎవరితో అంటున్నారో చూసుకోండి

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ సంగతి. తెలుగులో పై అధికారితో "సార్, మిమ్మల్నే నమ్ముకున్నాను" అనడం వినయం. చెప్పేవాడు తనను తగ్గించుకుని ఎదుటివారిని పెద్ద చేస్తాడు, వినేవారికి కూడా అది గౌరవంగానే తోస్తుంది. అదే భావాన్ని ఇంగ్లీషులో "సర్, ఐ యామ్ కౌంటింగ్ ఆన్ యు" అని రాస్తే, కిందివారు పైవారికి పని పురమాయించినట్టు అవుతుంది, ఎందుకంటే ఆ భాషలో ఈ వాక్యం మామూలుగా పెద్దవారి నుంచి చిన్నవారికీ, సమానుల మధ్యా నడుస్తుంది. మనవారి ఉత్తరాల్లో వినయంగా రాసిన వాక్యం అధికారంగా చదవబడటం చూసి నాకు చాలాసార్లు బాధ కలిగింది. సెలవు కోసమో సిఫారసు కోసమో రాసేటప్పుడు ఈ మాటను పక్కన పెట్టి "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఫర్ యువర్ హెల్ప్" అని రాయండి. పై అధికారికి మీరు మాట ఇచ్చేటప్పుడు మాత్రం "యు కెన్ కౌంట్ ఆన్ మీ, సర్" అని నిస్సంకోచంగా అనవచ్చు. భరోసా ఇవ్వడానికి హోదా అడ్డు రాదు, భరోసా కోరడానికే జాగ్రత్త అవసరం.

అభ్యాసానికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. రాత్రి పడుకోబోయే ముందు, ఆ రోజు మీరు ఎవరిని నమ్ముకుని పని చేశారో, మిమ్మల్ని ఎవరు నమ్ముకున్నారో, మీ లెక్కకు అందనిది ఏమి జరిగిందో మూడు వాక్యాలు రాయండి. ముందు తెలుగులో చెప్పుకుని, అందులో "నమ్ముకుని" ఉందో, "బట్టి" ఉందో, "లెక్కలో వేసుకోలేదు" ఉందో చూసి, దానికి తగిన ఇంగ్లీషు మాట ఎంచుకోండి. నాలుగు వారాలు ఇలా రాసిన పిల్లలు తడుముకోకుండా మాట్లాడటం నేను చూశాను.

ఇక ఆ ఇంటర్వ్యూ ప్రశ్న మీకే ఎదురైతే ఇలా జవాబివ్వండి. "కెన్ వి కౌంట్ ఆన్ యు?" అనగానే "యస్, యు కెన్" అని, "కెన్" మీద బరువు వేసి, స్పష్టంగా చెప్పండి. "యస్, యు కెన్ కౌంట్ ఆన్ మీ" అని ప్రశ్నంతా తిరిగి చెప్పినా తప్పు లేదు గాని, చిన్న జవాబులోనే ధైర్యం ఎక్కువ వినబడుతుంది. అక్కడితో ఆపకుండా, మిమ్మల్ని ఒకరు నమ్ముకున్నప్పుడు మీరు నిలబడిన ఒక నిజమైన సందర్భాన్ని రెండు వాక్యాల్లో చేర్చండి. ఆ కుర్రాడికి అలాంటి సందర్భం ఉంది. తండ్రి జ్వరంతో మంచం పట్టిన రెండు వారాలూ తెల్లవారుజామున లేచి ఇంటింటికీ పాలు వేసి, ఆ తరువాత కాలేజీకి వెళ్ళినవాడు అతడు. "వెన్ మై ఫాదర్ వాజ్ ఇల్, అవర్ కస్టమర్స్ కౌంటెడ్ ఆన్ మీ ఫర్ దెయిర్ మిల్క్. ఐ డిడ్‌నాట్ మిస్ ఎ సింగిల్ డే." ఈ రెండు వాక్యాలూ అతని చేతే రాయించి, "కౌంటెడాన్" అని ఒకే ఊపులో వచ్చేదాకా పలికించాను.